ఎనిమిది బైట్లలో ఇచ్చిన మాట
జావా కంపైలర్‌లో ఒక పనితనం

కర్నూలు నుంచి ఆదోని వెళ్లే దారిలో కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు వరసగా తగులుతాయి. ఈ ఊళ్ల నుంచి ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లే పిల్లల్లో జావా నేర్చుకుంటున్నవాళ్లకు బాగా పరిచయమైన ఎర్రర్ ఒకటుంది. ఇంట్లో రాసి, నడిపి, అంతా సరిగ్గా ఉందనుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తీసుకెళ్లిన ప్రోగ్రామ్ ల్యాబ్ కంప్యూటర్ మీద అసలు మొదలే కాదు. తెర మీద 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్' అని వస్తుంది. దాని పక్కన ఉన్న పొడుగాటి వాక్యం సారం ఇది: ఈ ఫైలును నాకంటే కొత్త జావాతో కంపైల్ చేశారు, దాని వెర్షన్ 61.0, నేను గుర్తుపట్టగలిగేది 52.0 వరకే.

పరీక్ష రోజో, ప్రాజెక్టు చూపించాల్సిన రోజో ఇది ఎదురైతే ఎవరికైనా చిరాకే. కానీ ఆ 61కీ 52కీ వెనక ఉన్న పని ఎంత శ్రద్ధగా చేసిందో తెలిశాక నాకు దాని మీద గౌరవం కలిగింది. కొత్త కంపైలర్ చేతిలో ఉన్నా పాత యంత్రం మీద నడిచే ప్రోగ్రామ్ తయారు చేయాలంటే ఏమేం కావాలో కొందరు కూర్చుని ఓపికగా ఆలోచించారు. మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకునే ఏర్పాట్లన్నీ చేశారు. ఆ ఏర్పాట్లను దగ్గరగా చూపించాలన్నదే ఈ వ్యాసం కోరిక.

ముందు ఫైలు దగ్గర మొదలుపెడదాం. మనం రాసిన జావా కోడ్‌ను 'జావాక్' అనే కంపైలర్ క్లాస్ ఫైలుగా మారుస్తుంది. ఆ క్లాస్ ఫైలును 'జావా' అనే మరో ప్రోగ్రామ్, అంటే జావా వర్చువల్ మెషీన్, చదివి నడుపుతుంది. రాసేది ఒకరు, చదివేది మరొకరు. ఇద్దరూ ఒకే కంప్యూటర్‌లో ఉండాలని లేదు, ఒకే కాలానికి చెందాలనీ లేదు. అందుకే క్లాస్ ఫైలు మొదటి ఎనిమిది బైట్లు పరిచయానికి కేటాయించారు. మొదటి నాలుగు బైట్లు ఏ జావా క్లాస్ ఫైలులోనైనా ఒకటే. ఇది క్లాస్ ఫైలేనని చెప్పే గుర్తు అది. తర్వాతి రెండు బైట్లలో చిన్న వెర్షన్ సంఖ్య, ఆ తర్వాతి రెండింటిలో పెద్ద వెర్షన్ సంఖ్య ఉంటాయి.

పెద్ద సంఖ్య లెక్క సులభం. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే 2014లో వచ్చిన జావా 8. 55 అంటే జావా 11. 61 అంటే 2021లో వచ్చిన జావా 17. 65 అంటే 2023లో వచ్చిన జావా 21. ఈ ఒక్క తీసివేత గుర్తుంటే ఎర్రర్ సగం విడిపోయినట్టే.

జావా మొదటిసారి బయటికి వచ్చింది 1996లో. అప్పుడు కంపైల్ చేసిన క్లాస్ ఫైళ్ల పెద్ద సంఖ్య 45. నేటి వర్చువల్ మెషీన్ కూడా 45ను చూసి మొహం తిప్పుకోదు. ఆ కాలపు ఫైళ్లను నడిపే ముందు తనిఖీ చేసే పద్ధతి మాత్రం వేరు. ఫైలులోని సూచనలు ఒకదానికొకటి పొసగుతున్నాయా లేదా అని పాత తనిఖీదారు కోడ్ మొత్తాన్ని తనే నడిచి చూసి తేల్చుకునేవాడు. జావా 6 నుంచి, అంటే 50వ సంఖ్య నుంచి, కంపైలరే ఆ వివరాల పట్టికను ఫైలులో పెట్టి ఇస్తోంది కాబట్టి తనిఖీ త్వరగా అయిపోతుంది. కొత్త పద్ధతి వచ్చింది కదా అని పాతదాన్ని పారేయలేదు. సంఖ్య 50 కంటే తక్కువగా ఉన్న ఫైలు వస్తే వర్చువల్ మెషీన్ పాత తనిఖీదారునే పిలుస్తుంది. రెండు బైట్ల సంఖ్య చేసే పనిలో ఇదొకటి: వచ్చిన ఫైలు వయసును బట్టి దానికి తగిన మర్యాద.

వెనక్కి చూసేటప్పుడు ఇంత ఉదారంగా ఉన్న వర్చువల్ మెషీన్, ముందుకు చూసేటప్పుడు గట్టిగా ఉంటుంది. తనకంటే కొత్త సంఖ్య కనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇది కూడా పనితనమే. తెలియని సూచనలున్న ఫైలును ఎలాగోలా నడిపి, మధ్యలో ఎక్కడో లెక్క తప్పడం కంటే, మొదటి ఎనిమిది బైట్లు చదివి 'ఇది నా వల్ల కాదు' అని చెప్పడం నిజాయితీ. ఆ చెప్పే తీరు కూడా కాలక్రమంలో మెరుగైంది. జావా 7 వరకు ఎర్రర్‌లో ఫైలు వెర్షన్ సంఖ్య ఒక్కటే కనిపించేది. నడుపుతున్న జావాకు ఎంతవరకు తెలుసో అందులో ఉండేది కాదు, చూసినవాడు ఊహించుకోవాలి. జావా 8 నుంచి రెండు సంఖ్యలూ ఒకే వాక్యంలో వస్తున్నాయి. సమస్య ఏమిటో, తేడా ఎంతో ఆ వాక్యమే చెప్పేస్తుంది. ఎర్రర్ రాయడం కూడా ఒక విద్య. ఈ వాక్యం రాసినవాళ్లకు ఆ విద్య వచ్చు.

ఒకరోజు కోడుమూరులో మా వీధి అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. బీటెక్ చదువుతున్నాడు. "అన్నా, జావా కొత్తది వేసినా, అయినా నడవడం లేదు. రాత్రంతా తీసేసి మళ్లా వేస్తానే ఉన్నా" అన్నాడు. ఎర్రర్ అదే, సంఖ్యలు అవే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జావాక్ వెర్షన్ అడగమన్నాను. 17 అని వచ్చింది. జావా వెర్షన్ అడగమన్నాను. 8 అని వచ్చింది. రాసేవాడు 17, చదివేవాడు 8. ఒకే ల్యాప్‌టాప్‌లో ఇద్దరు.

"అదెట్ల అన్నా, నేను వేసింది 17 ఒకటే కదా?"

విండోస్‌లో 'వేర్' అనే కమాండ్ ఉంది. దాని పక్కన 'జావా' అని రాస్తే ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ ఉందో, వెతికే వరసలో చూపిస్తుంది. తెర మీద రెండు దారులు కనిపించాయి. మొదటిది 'జావాపాత్' అనే ఫోల్డర్. ఎప్పుడో వేరే పని కోసం వేసిన జావా 8 ఇన్‌స్టాలర్ దాన్ని 'పాత్' అనే ఆ వెతికే వరసలో అందరికంటే ముందు నిలబెట్టి పోయింది. జావాక్ మాత్రం ఆ ఫోల్డర్‌లో లేదు కాబట్టి, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన విండోస్‌కు 17 దొరికింది. అందుకే కంపైల్ చేసేది ఒకరు, నడిపేది ఇంకొకరు అయ్యారు. పాత్ వరసలో జావా 17 ఫోల్డర్‌ను అన్నిటికంటే పైకి జరిపి, కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరిచాం. ఈసారి రెండు కమాండ్లూ 17 అనే చెప్పాయి. ప్రోగ్రామ్ నడిచింది. తీసేయాల్సింది ఏమీ లేదు, మళ్లీ వేయాల్సింది ఏమీ లేదు.

అబ్బాయికి సంతోషమే, కానీ వెంటనే అసలైన ప్రశ్న అడిగాడు. "మా ల్యాబ్‌లో ఉండేది 8 కదన్నా, ఆడ నేను పాత్ మార్చేకి లేదు. అప్పుడెట్ల?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసానికి గుండెకాయ.

మొదటి జవాబు చాలా పాతది. జావాక్‌కు 'సోర్స్', 'టార్గెట్' అని రెండు ఆప్షన్లు ఉన్నాయి. సోర్స్ 8 అంటే, కోడ్‌లో జావా 8 భాషకు మించిన వ్యాకరణం ఉంటే ఒప్పుకోవద్దని. టార్గెట్ 8 అంటే, తయారయ్యే ఫైలు మీద 52 అని రాయమని. రెండూ పెట్టి కంపైల్ చేస్తే ఫైలు వయసు తగ్గుతుంది, పాత వర్చువల్ మెషీన్ దాన్ని లోపలికి రానిస్తుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు.

కానీ అవదు. భాష ఒకటి, దానితోపాటు వచ్చే లైబ్రరీ ఒకటి. స్ట్రింగ్ ఖాళీగా ఉందా, లేక అందులో ఖాళీ జాగాలే ఉన్నాయా అని చూసే 'ఇజ్‌బ్లాంక్' అనే మెథడ్ జావా 11లో చేరింది. జావా 17 కంపైలర్‌తో సోర్స్ 8, టార్గెట్ 8 పెట్టి ఆ మెథడ్ వాడినా దాని గురించి కంపైలర్ కిక్కురుమనదు, ఎందుకంటే అది చూసే లైబ్రరీ జావా 17ది, అందులో ఇజ్‌బ్లాంక్ ఉంది. ఫైలు మీద 52 అని ముద్ర పడుతుంది. ల్యాబ్‌లోని జావా 8 ఆ ముద్ర చూసి లోపలికి రానిస్తుంది, ప్రోగ్రామ్ మొదలవుతుంది, ఇజ్‌బ్లాంక్ ఉన్న వరస దగ్గరికి వచ్చేసరికి 'అలాంటి మెథడ్ లేదు' అని కూలిపోతుంది. ఆ వరస ఎప్పుడో గానీ నడవనిదైతే, లోపం నెలల తరబడి దాగి ఉంటుంది. మొదటి ఎర్రర్ గుమ్మం దగ్గరే చెప్పిన నిజం నోరు ఇక్కడ మనమే నొక్కేశామన్నమాట.

ఇంతకంటే సూక్ష్మమైనది ఇంకొకటుంది. దీన్ని కాస్త నిదానంగా చూడాలి. 'బైట్‌బఫర్' అనే క్లాసులో 'ఫ్లిప్' అనే మెథడ్ ఉంది. నింపిన బఫర్‌ను చదవడానికి సిద్ధం చేస్తుంది. జావా 8లోనూ ఉంది, 17లోనూ ఉంది. పేరు అదే, పని అదే. అయినా 17లో సోర్స్, టార్గెట్ పెట్టి కంపైల్ చేసిన ఫైలు 8 మీద అదే వరసలో కూలిపోతుంది. కారణం ఇది. జావా 8లో ఫ్లిప్ మెథడ్ మాతృ క్లాసు 'బఫర్'లో ఉండేది, తిరిగి ఇచ్చేది కూడా బఫర్‌నే. జావా 9లో లైబ్రరీ రాసినవాళ్లు వాడేవాళ్ల సౌకర్యం కోసం బైట్‌బఫర్‌లోనే ఫ్లిప్‌ను మళ్లీ రాసి, అది బైట్‌బఫర్‌నే తిరిగి ఇచ్చేలా చేశారు. మనిషి కంటికి ఆ తేడా కనిపించదు. కానీ క్లాస్ ఫైలులో మెథడ్‌ను పిలిచే చోట దాని పేరు, తీసుకునేవి, తిరిగి ఇచ్చేది అన్నీ కలిపి రాసి ఉంటాయి. కొత్త కంపైలర్ 'బైట్‌బఫర్‌ను ఇచ్చే ఫ్లిప్' అని రాస్తుంది. జావా 8 వెతికితే 'బఫర్‌ను ఇచ్చే ఫ్లిప్' మాత్రమే దొరుకుతుంది. రెండూ దానికి వేర్వేరు మెథడ్లు. కోడ్ రాసినవాడు ఏ కొత్త సౌకర్యమూ వాడలేదు, జావా 8లో ఉన్నదే వాడాడు. అయినా పాత యంత్రం మీద ప్రోగ్రామ్ పడిపోయింది. కోడ్‌ను ఎంత జాగ్రత్తగా చదివినా పట్టుబడని తప్పు ఇది.

దీనికి విరుగుడు పాత రోజుల్లోనూ ఉండేది. జావా 8 లైబ్రరీని కూడా పక్కన పెట్టుకుని, 'బూట్ క్లాస్‌పాత్' అనే ఆప్షన్‌తో కంపైలర్‌కు దాన్ని చూపించాలి. అది చేయకపోతే జావాక్ ఒక హెచ్చరిక కూడా ఇచ్చేది. కానీ దానికోసం పాత జావా మొత్తాన్ని దాచుకోవాలి, దారి సరిగ్గా ఇవ్వాలి. చేసేవాళ్లు తక్కువ.

2017 సెప్టెంబరులో జావా 9తోపాటు వచ్చిన 'రిలీజ్' అనే ఆప్షన్ ఈ చిక్కును మొదలంటా తీసేసింది. జావా మెరుగుదల ప్రతిపాదనల్లో దీని సంఖ్య 247. దాన్ని నెత్తికెత్తుకుని నడిపినవారు జావాక్ బృందంలోని యాన్ లహోడా. వాడేవాడికి కనిపించేది ఒక్క మాటే: రిలీజ్ 8. అంటే జావా 8 వ్యాకరణం, జావా 8 ముద్ర, జావా 8 లైబ్రరీ, మూడూ ఒకేసారి. ఇప్పుడు ఇజ్‌బ్లాంక్ రాస్తే కంపైలర్ 'ఆ పేరు నాకు తెలియదు' అని ఇంట్లోనే చెప్పేస్తుంది. ఫ్లిప్ రాస్తే 'బఫర్‌ను ఇచ్చే ఫ్లిప్' అనే రాస్తుంది. ల్యాబ్‌లో కూలాల్సింది ఇంటి దగ్గరే దొరికిపోతుంది, లేదా అసలు పుట్టనే పుట్టదు.

పాత జావా మొత్తాన్ని మోసుకురాకుండా ఇది ఎలా సాధ్యమైంది? ఇక్కడే చేతిపని కనిపిస్తుంది. కంపైలర్‌కు పాత లైబ్రరీ పని చేయనక్కర్లేదు, దాని ఆకారం తెలిస్తే చాలు. ఏ క్లాసులు ఉన్నాయి, వాటిలో ఏ మెథడ్లు ఉన్నాయి, అవి ఏం తీసుకుంటాయి, ఏం ఇస్తాయి, అంతే. లోపలి కోడ్ అక్కర్లేదు. అందుకని ఒక్కో వెర్షన్ లైబ్రరీ నుంచి, అందరూ వాడుకోవచ్చని అధికారికంగా ప్రకటించిన క్లాసుల సంతకాలను మాత్రమే తీసి, 'సీటీ డాట్ సిమ్' అనే ఒక్క ఫైలులో సర్దారు. అది జావా ఫోల్డర్‌లోని 'లిబ్' లోపల ఉంటుంది. నిజానికి అదొక జిప్ ఫైలు. జిప్ తెరిచే ఏ పరికరంతోనైనా లోపలికి తొంగిచూడవచ్చు.

చూస్తే ముందు అర్థం కాని పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి: '8', '89', '9ఎ' ఇలా. ఒక్కో అక్షరం ఒక్కో వెర్షన్. పది దాటాక అంకెలు చాలవు కాబట్టి 10కి ఎ, 11కి బి, అలా 17కి హెచ్, 21కి ఎల్ వస్తాయి. '89ఎ' అనే ఫోల్డర్‌లో ఉన్న క్లాసు జావా 8, 9, 10 మూడింటిలోనూ ఒకే ఆకారంలో ఉందని అర్థం. మార్పు లేని క్లాసును మూడుసార్లు దాచకుండా ఒకేసారి దాచారు. రిలీజ్ 8 అని అడిగితే కంపైలర్ పేరులో '8' ఉన్న ఫోల్డర్లన్నీ ఏరి, వాటిని కలిపి జావా 8 లైబ్రరీగా చూస్తుంది. విడిగా ఒక సూచిక పట్టిక అక్కర్లేదు. ఫోల్డర్ పేరే సూచిక. అవసరమైనదొక్కటీ వదలకుండా, అక్కర్లేనిదొక్కటీ మోయకుండా చేసిన ఇలాంటి సర్దుబాటు చూస్తే ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకా వెనక్కి, జావా సోర్స్ కోడ్‌లోకి వెళ్తే ఈ సంతకాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. జావా 8 లైబ్రరీ మొత్తం వివరణ మూలం. జావా 9కి రాసింది 8 నుంచి తేడాలు మాత్రమే. 10కి రాసింది 9 నుంచి తేడాలు మాత్రమే. 11 వెర్షన్ ఫైలు తెరిస్తే స్ట్రింగ్ క్లాసు కింద ఇజ్‌బ్లాంక్ పేరు, అది ఏమీ తీసుకోదనీ, అవును కాదు అనే జవాబు ఇస్తుందనీ ఒకే వరసలో ఉంటుంది. తీసేసినవాటి ముందు తీసివేత గుర్తు ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన ఒక లైబ్రరీలో జావా 8 తర్వాత ఏది ఎప్పుడు చేరిందో, ఏది ఎప్పుడు పోయిందో కళ్లతో చదువుకోగలిగే చరిత్ర అది. జావా 9 వరకు ఒక్కో వెర్షన్‌కు ఏళ్లు పట్టేది. 2018 నుంచి ఆర్నెల్లకొకటి వస్తోంది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాత ఆకారాన్ని ఈ టెక్స్ట్‌లోకి ఎక్కించి భద్రపరుస్తున్నారు.

మా ప్రాంతంలో మగ్గం తెలిసినవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు నేతపనివాళ్లు దాన్ని పీకి పారేయరు. అచ్చులో ఉన్న పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. ఏ పోగు ఏ పోగుకు చేరాలో వరస తప్పితే ఆ తప్పు బట్టంతా నడుస్తుంది. పాతదాని వరసను కాపాడుకుంటేనే కొత్తది సాగుతుంది.

ఇచ్చిన మాటకు హద్దులు కూడా స్పష్టంగా చెప్పారు. ఏ కంపైలర్ అయినా ఎన్ని పాత వెర్షన్లకు రాయగలదో ముందే ప్రకటిస్తారు. ఒక వెర్షన్‌కు మద్దతు తీసేసే ముందు, కొన్ని విడుదలల పాటు 'ఇది త్వరలో పోతుంది' అని హెచ్చరిస్తారు. జావా 12లో రిలీజ్ 6 పోయింది, జావా 20లో 7 పోయింది. జావా 21 నుంచి 8కి కంపైల్ చేస్తే హెచ్చరిక వస్తోంది. ఇంకా స్థిరపడని ప్రయోగాత్మక సౌకర్యాలకు మరో నియమం పెట్టారు. వాటిని వాడిన ఫైలులో చిన్న వెర్షన్ సంఖ్య 65535 అని పడుతుంది. అలాంటి ఫైలు తను పుట్టిన వెర్షన్ మీద తప్ప, దానికంటే కొత్త దాని మీద కూడా నడవదు. రేపు మారిపోవచ్చని తెలిసినదాన్ని ఎల్లకాలం నడుస్తుందని నమ్మించకపోవడం కూడా ఒక మర్యాదే.

ఈ బాధ జావాకే పరిమితం కాదు. సీ ప్లస్ ప్లస్‌లో స్ట్రింగ్ లోపలి నిర్మాణాన్ని 2011 ప్రమాణానికి తగ్గట్టు మార్చాల్సి వచ్చినప్పుడు, 2015లో వచ్చిన జీసీసీ 5 కంపైలర్ పాత స్ట్రింగ్‌నూ కొత్త స్ట్రింగ్‌నూ రెండింటినీ ఒకే లైబ్రరీలో ఉంచింది. కొత్తదాని లోపలి పేరులో వేరే గుర్తు చేర్చడంతో, రెండూ పొరపాటున కలిసిపోకుండా లింకర్ దగ్గరే ఆగిపోతాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం 2020లో ప్రచురించిన ఐఆర్‌టూవెక్ కూడా ఇదే దారిలో నడిచింది. ప్రోగ్రామ్‌లను సంఖ్యల వరసలుగా మార్చి, కంపైలర్ నిర్ణయాలకు మెషీన్ లెర్నింగ్‌ను తోడు తెచ్చే పరికరం అది. ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ మీద నిలబడింది. ఎల్ఎల్‌వీఎం తన సీ ప్లస్ ప్లస్ లోపలి ఆకారం మారదని హామీ ఇవ్వదు, విడుదల విడుదలకూ మారుస్తుంది. పాయింటర్ ఏ రకాన్ని చూపిస్తుందో చెప్పే వివరాన్నే మొత్తంగా ఎత్తేసిన మార్పు అందులో ఒకటి. ఆ మార్పులన్నిటినీ తట్టుకుంటూ, ఒక్కో ఎల్ఎల్‌వీఎం వెర్షన్‌కు తగ్గట్టు పరికరాన్ని సవరించుకుంటూ వచ్చారు. 2025లో ఐఆర్‌టూవెక్ ఎల్ఎల్‌వీఎం ప్రధాన కోడ్‌లోకే చేరింది. మన దగ్గర పుట్టిన పని ప్రపంచమంతా వాడే కంపైలర్‌లో భాగం కావడానికి ఆలోచన ఎంత కారణమో, ఏళ్ల తరబడి చేసిన ఈ సవరణల చాకిరీ కూడా అంతే కారణమని నా నమ్మకం.

ఇంతా తెలుసుకున్నాక చేతిలో మిగిలే పద్ధతి చిన్నదే. ఎర్రర్ వస్తే ముందు ఆ రెండు సంఖ్యలు చదవాలి, 44 తీసేయాలి. జావాక్, జావా రెండింటి వెర్షన్లూ విడివిడిగా అడగాలి. తేడా ఉంటే పాత్ వరస చూడాలి. ఎవరో ఇచ్చిన క్లాస్ ఫైలు మీద అనుమానముంటే 'జావాప్' అనే పరికరాన్ని వివరంగా చూపించమంటే పెద్ద సంఖ్య అదే చెబుతుంది. ఒకచోట రాసి మరోచోట నడపాలంటే, నడిచే చోటును బట్టి రిలీజ్ పెట్టాలి. మావెన్, గ్రేడిల్ అనే బిల్డ్ పరికరాలు రెండింటిలోనూ దానికోసం ఒక వరస రాసుకునే వీలుంది. రాసేది జావా 8తోనే అయితే ఆ కంపైలర్‌కు రిలీజ్ ఆప్షన్ తెలియదు, దానికి అవసరమూ లేదు.

జావా ల్యాబ్ రికార్డులో మొదటి పేజీలో ప్రయోగం పేరు, ఉద్దేశం రాయిస్తారు. వాటి కింద 'ఏ జావాతో కంపైల్ చేశాను, ఏ జావా మీద నడుస్తుంది' అని మరో వరస చేరిస్తే మేలు. కంపైలర్ కట్టినవాళ్లు ప్రతి క్లాస్ ఫైలు మొదట్లో ఆ సంగతి రాసిపెడుతున్నారు. కోడ్ రాసే పిల్లలు మొదటి సెమిస్టర్ నుంచే అది రాయడం అలవాటు చేసుకుంటే, ఉద్యోగంలో చేరాక వాళ్ల చేతి పని ఎవరి కంప్యూటర్ మీదైనా నడుస్తుంది.